ఎనిమిదేళ్ల మెయిల్

జూన్ 9, 2025, సోమవారం. కొడిమ్యాల

పొద్దున్నే హైదరాబాద్ ఆఫీసు నుంచి ఫోన్. ఉద్యోగుల మెయిళ్లు ఎన్నాళ్లుంచాలో శుక్రవారానికల్లా ముసాయిదా రాసివ్వాలట. స్టోరేజీ బిల్లు పెరిగింది, 90 రోజులు దాటినవి వాటంతటవే పోయేలా పెట్టెయ్ అన్నాడు మేనేజరు. మెయిళ్లు దాచమని ఏ చట్టంలో ఉందని పైగా ఓ ప్రశ్న. 2013 కంపెనీల చట్టం 128వ సెక్షన్ లెక్కల పుస్తకాలు, వాటి వోచర్లు ఎనిమిదేళ్లు ఉంచమంటుంది. మెయిల్ పేరెత్తదు, నిజమే. కానీ మా దగ్గర బిల్లుకు ‘ఓకే’ చెప్పేది మెయిల్లోనే, వేరే సంతకం ఎక్కడా లేదు. మరి వోచర్ ఏది?

జూన్ 10, మంగళవారం

కొండగట్టు పోయే బండ్ల హారన్లు. కాల్ అంతా మ్యూట్‌లోనే.

మానేసినవాళ్ల ఖాతాలను ఎవరూ తలుచుకోలేదు. మైక్రోసాఫ్ట్ 365లో లైసెన్సు తీసేస్తే 30 రోజులకు మెయిల్‌బాక్స్ పోతుంది. ముందే హోల్డ్ పెడితే మిగులుతుంది. హోల్డ్ ఉంటే ఉద్యోగి డిలీట్ కొట్టినా అతని కంటికే కనబడదు, లోపల ఉంటుంది.

‘‘గన్ని దాసి ఏం జేస్తరు బిడ్డా?’’ అన్నాడు బాపు. ట్రంకుపెట్టెలో ఆయన దాచిన శిస్తు రసీదులు గుర్తుచేస్తే నవ్వి ఊరుకున్నాడు.

జూన్ 12, గురువారం

కొత్త కోరిక: డైరెక్టర్ల మెయిల్‌బాక్సులకు మినహాయింపు.

సత్యం కంప్యూటర్స్ మోసం గుర్తొచ్చింది. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు తన లేఖలో ఒప్పుకున్నది 5,040 కోట్ల లేని నగదు. తర్వాత దర్యాప్తులో బయటపడ్డవి 7,561 దొంగ ఇన్‌వాయిస్‌లు. వాటిని కంపెనీ సొంత కంప్యూటర్ వ్యవస్థలోనే, ‘సూపర్ యూజర్’ అధికారంతో మిగతావాళ్లకు కనబడకుండా పెట్టారు. చెరిపెయ్యలేదు కాబట్టే దొరికాయి. ఇలాంటి నియమం ముందు పైవాళ్లకే వర్తించాలి. గుమాస్తా మెయిల్ ఎనిమిదేళ్లు దాచి ఎవరిని పట్టుకుంటాం?

జూన్ 13, శుక్రవారం

పంపేశాను. లెక్కలకు సంబంధించినవి ఎనిమిదేళ్లు, మామూలువి మూడేళ్లు, వివాదం నడుస్తుంటే అది తేలేదాకా. గడువు తీరాక నిజంగానే చెరిపెయ్యాలి. సెలవు కోసం పెట్టిన డాక్టరు చీటీలు కంపెనీకి కలకాలం ఎందుకు? ఇంకొకరి మెయిల్ తెరవాలంటే ఇద్దరి అనుమతి, తెరిచినట్టు లాగ్. కోర్టుకిచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం హ్యాష్ విలువతో ధ్రువపత్రం కావాలి. ఎవరు సంతకం పెడతారో ఇప్పుడే పేరు రాయమన్నాను. మినహాయింపుల గడిలో ‘లేవు’ అని పెట్టాను.

సాయంత్రం జవాబు: ‘‘చివరి పాయింట్ ఫోన్లో మాట్లాడుకుందాం.’’

మెయిల్లోనే రాయమన్నాను.