ఎడమచేతి గిటారు

ఎడమచేతివాటపు మా మనుమడు బెంగుళూరులో హెవీ మెటల్ అను సంగీతమును అభ్యసించుచున్నాడు. మా చెవికది ఉరుములే. అయినను టోనీ ఐయోమీ కథ విని మెత్తబడితిమి. బర్మింగుహాము రేకుల కర్మాగారములో, 17వ యేట, కొలువు విడుచుచున్ననాడే, యంత్రము ఆయన కుడిచేతి రెండు వ్రేళ్ళ కొనలను త్రుంచివేసెను. (మేము కొలువు విడిచిననాడు మాకు పూలమాల దక్కినది.) ఎడమవాటమువాడు గనుక తీగెలను నొక్కవలసినవి ఆ వ్రేళ్ళే! ప్లాస్టిక్ సీసా కరగించి తొడుగులు చేసికొని, పలుచని తీగెలు బిగించి, 1970లో బ్లాక్ సబ్బత్ బృందముతో తొలి రికార్డు వెలువరించెను. 2021లో గిబ్సన్ వారు ఆయన పేర చేసిన యెఱ్ఱని ఎస్.జి. గిటారునకు ఎడమచేతి రూపమును గలదు.

మేమో, ఎడమచేత బలపము పట్టి బడిలో బెత్తపుదెబ్బలు తిని, గుమాస్తాగిరియంతయు కుడిచేతనే వెళ్ళబుచ్చితిమి. మనుమడు ఆ గిటారు వెల చెప్పగా పింఛను పుస్తకము తెఱచి చూచుకొంటిమి.