ఎత్తును జూపు గడియారము

గత డిసెంబరు మాసములో మా పూర్వవిద్యార్థినులలో నొకతె అమెరికానుండి సెలవులకు వచ్చి, మమ్ము జూచుటకై పాఠశాలకు వచ్చినది. పదునొకండేండ్ల క్రిందట మాయొద్ద ప్రకృతిశాస్త్రము చదివిన పిల్ల. ఇప్పుడు టెక్సాసు రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నది. కుశలప్రశ్నలైన పిమ్మట తన సంచినుండి గడియారములవంటి రెండు వస్తువులను దీసి మా బల్లపై నుంచెను. ఒకదానికి ముల్లు గలదు. రెండవదానికి ముల్లు లేదు, అంకెలు మాత్రమే. కాని యవి కాలమును జూపునవి కావు, ఎత్తును జూపునవి. విమానమునుండి పారాచూటుతో దుముకువారు ముంజేతికి గట్టుకొను ఆల్టిమీటరులు.

వానిని జూడగానే మాకు కొంత సంకోచము గలిగెను. ఏలయన, అంతకు నాలుగు నెలల ముందు ఆమె తల్లి యదే బల్లయెదుట గూర్చుండి కంటతడి పెట్టియుండెను. "మీ మాటైతే వింటుంది అయ్యవారూ. ఆ దూకేది మానుకొమ్మని ఒక ముక్క రాయండి" అని వేడుకొనెను. మేము వ్రాసితిమి, ఒక ముక్క గాదు, నాలుగు పుటలు. అందులో ఉపదేశము హెచ్చు, విషయము తక్కువ యని యిప్పుడు తోచుచున్నది. దానికి వచ్చిన ప్రత్యుత్తరము పొట్టిది. తాను మానుటయో మానకుండుటయో తరువాత మాటయనియు, ఆకాశమున తానెంత యెత్తున నున్నదో తనకెట్లు తెలియునని ప్రకృతిశాస్త్రోపాధ్యాయులమైన మేమొక్క ప్రశ్నయైన వేయకపోవుట వింతయనియు వ్రాసినది. ఆ మాట మాకు సూదివలె నాటినది. ఆ ప్రశ్నకు సమాధానముగనే ఆ రెండు పరికరములను దెచ్చినది.

ఎత్తు కంటికి దెలియదు. మేడమీదనుండి చూచిన నేల దూరము మనకు కొంత తట్టును గాని, పదివేల అడుగులనుండి చూచిన పొలములు తొమ్మిదివేలనుండి చూచిన పొలములవలెనే యుండును. అందుచేత కొలవవలసినది గాలినే. మీదికి పోయినకొలది మన నెత్తిపై నున్న గాలి తగ్గును, దాని పీడనమును దగ్గును. సముద్రతీరమున భారమితిలో పాదరసమొక మిల్లీమీటరు దిగినచో ఇంచుమించు ముప్పదియాఱడుగులు పైకి వచ్చితిమని లెక్క. 1648వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీని ఫ్రాన్సుదేశమున పాస్కల్ పండితుని బావ పెరియే యనునాతడు పాదరసపు గొట్టమును పుయ్ ద డోమ్ అను కొండపైకి మోసికొనిపోయి, శిఖరమున పాదరసము మూడంగుళములకు పైగా దిగుట గాంచెను. ఈ కథ తరగతిలో మేమేటేట చెప్పునదే. కాని అతడు కొండయడుగున మఱియొక గొట్టమును నిలిపి, దినమంతయు దానిని కనిపెట్టుచుండుటకు ఒక సన్న్యాసిని నియమించిపోయెనను సంగతిని మేమంత నొక్కి చెప్పియుండలేదు. ఆ రెండవ గొట్టము కదలకుండుటచేతనే మొదటిదాని మాట నమ్మదగినదాయెను. ఇది తరువాత పనికివచ్చును.

ముల్లు పరికరములో గాలి తీసివేసిన పలుచని లోహపు డబ్బీ యుండును. బయటి పీడనము తగ్గిన నది యుబ్బును, ఆ యుబ్బు ముల్లును ద్రిప్పును. విద్యుత్పరికరములో డబ్బీకి బదులు సిలికానుతో జేసిన మిక్కిలి సన్నని పొర గలదు. పీడనమునుబట్టి యది వంగును, వంగినకొలది దాని విద్యున్నిరోధము మారును, లోపలి చిన్న గణకయంత్రము వేడిమి చలిమి భేదములను సరిచూచి అడుగులుగా మార్చి అంకెలలో జూపును. రెండింటి మూలసూత్రము పెరియేదే.

మరి యేది మంచిది? మేము వెంటనే అంకెల పక్షము వహించితిమి. లెక్కలు దిద్దువానికి ఉరామరిక ముల్లు నచ్చునా? ఆమె నవ్వి, తన శిక్షకుడు మొదట ముల్లునే కట్టించెనని చెప్పెను. సాధారణముగా పదుమూడువేల అడుగుల ప్రాంతమున విమానమును విడుతురు. మొదటి వేయి అడుగులకు పది సెకండ్లు పట్టును. పిమ్మట వేగము గంటకు నూటయిరువది మైళ్లకు జేరి, ప్రతి వేయి అడుగులును అయిదున్నర సెకండ్లలో గడచిపోవును. నిమిషమునకు లోపుగనే గొడుగు విప్పవలసిన వేళ వచ్చును. ఆ గాలిలో, ఆ తొందరలో క్రొత్తవారు 3,400 అను అంకెను 8,400 అని చదువవచ్చును. ముల్లునైతే చదువ నక్కరలేదు, ఏ దిక్కున నున్నదో చూచిన చాలును. ఆమె తెచ్చినదాని ముఖమున రెండువేల యైదువందలకు దిగువభాగమంతయు ఎరుపు.

చేయి తిరిగిన పిమ్మట అంకెలది కొన్నదట. గొడుగు విచ్చిన తరువాత నేలకు దిగు మలుపులలో ఖచ్చితమైన యంకె యుపకరించును. ఎచట విమానమును విడిచినది, ఎచట గొడుగు విప్పినది, ఎంత వేగమున పడినది అదియే జ్ఞాపకముంచుకొనును. ఇట్టివానిని చేయువారిలో డెన్మార్కుదేశపు లార్సెన్ అండ్ బ్రూస్‌గార్డ్ వారును, అమెరికాలోని ఆల్టి-టూ వారును పేరుపడినవారు. కొనువాడు ముందు చూడవలసినది జ్ఞాపకశక్తి గాదనియు, ఎండలో అంకెలు తెల్లముగా గనబడునా, సంజవేళ వెనుకవెలుగు గలదా, చేతితొడుగులతో మీటలు నొక్కవచ్చునా, బ్యాటరీ క్షీణించినచో ముందుగా దెలుపునా యనునవి చూడవలయుననియు ఆమె చెప్పెను. ఇవి అంగడివాడు చివర జెప్పు సంగతులు. వెల్లకిల పడునప్పుడు శరీరము చాటున గాలి పలుచనగుటచే చేతి పరికరము వందల అడుగులు తప్పు చూపవచ్చునని కూడ చెప్పెను. మూడవరకమొకటి శిరస్త్రాణములో చెవిప్రక్క నుండి, మనము నియమించిన యెత్తులు రాగానే కూయును. అది హెచ్చరికయే గాని, చేతిదానికి బదులు గాదు. ఈ మాట చెప్పునప్పుడామె తల వంచుకొనెను. కారణము మాకప్పుడు దెలియలేదు.

మరుసటి శనివారము ఇరువదిమంది పిల్లలతో హార్స్లీకొండలకు బోవ నిశ్చయించి, తల్లిని గూడ రమ్మంటిమి. ఉదయము పదిగంటలకు మదనపల్లె బస్సు నిలయమున ముల్లును సున్నపై నుంచి ఆమెయే తల్లి ముంజేతికి గట్టెను. అంకెలదానిని మేము తీసికొంటిమి. ఘాటుదారి సగమెక్కిన తరువాత, మీటలను పరీక్షించు కుతూహలముచే దానిని ఆర్పి మరల వెలిగించితిమి. పైకి చేరునప్పటికి తల్లి చేతి ముల్లు రెండువేలకు కొంచెము లోపుగా నుండెను. మా చేతి యంకెలు ఎనిమిదివందలైనను దాటలేదు! తొమ్మిదవ తరగతి బాలుడొకడు రెండింటిని ప్రక్కప్రక్కన బెట్టి చూపి, మర్యాదకై నవ్వు నాపుకొనెను. ఆ పరికరము వెలిగించిన చోటినే నేలగా గ్రహించునట. విమానములో మేమీ పని చేసియున్నచో నిజమైన నేల తగులునప్పటికి మా యంకెలు సున్నకు వేలకొలది అడుగులు దిగువను జూపుచుండును, అనగా అంతకు పూర్వమే అవి మాకు నిరర్థకములు. అందుకే దానిని నేలమీదనే వెలిగింపవలెను, దిగుచోటు ఎక్కినచోటికంటె ఎత్తుగనో పల్లముగనో యున్నచో ఆ భేదమును ముందే చేర్పవలెను. పెరియే కొండయడుగున గొట్టమునకు కావలి నేల పెట్టెనో పిల్లలకు మేము వేరుగ జెప్ప నక్కరలేకపోయెను.

తల్లి మాత్రము మా తప్పును జూడలేదు. తన చేతినే చూచుకొనుచుండెను. క్రిందనున్న యూళ్లు అగ్గిపెట్టెలవలె గనబడు ఆ కొండకొమ్మున ముల్లు ఎఱ్ఱభాగమున నుండెను. "ఇంత ఎత్తున ఉన్నాము కదమ్మా, ఇక్కడే ఎరుపా?" అని యడిగెను. బస్సునకు అరగంటకు పైగా బట్టిన యీ యెత్తు పడువారికి పదునొకండు సెకండ్లు మాత్రమే యని మేము మనసున లెక్కవేసి, చెప్పక యూరకుంటిమి.

కూతురు చెప్పెను. ఒకనాడు చెవిలోని పరికరమునకు బ్యాటరీ అయిపోయియుండెను. తాను ముందుగా పరీక్షింపలేదు. కొంతకాలముగా కూత కొరకు ఎదురుచూచుటకు అలవాటుపడి, చేతిని జూచుట తగ్గించియుండెను. మూడువేల యైదువందలకడ రావలసిన కూత రాలేదు. అనుమానము దోచి చేయి చూచునప్పటికి అంకెలు 2,800. ఆలస్యము నాలుగు సెకండ్లు. ఆమె అర్హతగలవారు మూడువేలకు దిగువను విప్పరాదని అమెరికా పారాచూటు సంఘమువారి నియమము. "గొడుగు పూర్తిగా విచ్చేటప్పటికి, అమ్మా, నేను ఈ కొండయెత్తునే ఉన్నాను" అనెను.

నలువురము మాటలేక నిలుచుంటిమి. ఏడు వందల యేబది అడుగుల ప్రాంతమున తనంతట తానే రెండవ గొడుగును విడిపించు సైప్రెస్ అను జర్మనీపరికరము వీపున నుండునని మేము ధైర్యము చెప్పబోతిమి. తల్లి చేయెత్తి మమ్ము నాపెను. కూతునే యడిగెను: "ఇప్పుడు ముందు చెయ్యి చూస్తున్నావా?"

"చూస్తున్నాను. పది సెకండ్లకు రెండుమార్లు."

మానుమని ఆ తల్లి మరల ననలేదు, పొమ్మనియు ననలేదు. తిరుగుదారిలో కిటికీప్రక్క గూర్చుండి, ప్రతి మలుపునను ముల్లు దిగుటనే చూచుచుండెను. నాలుగుగంటలకు మదనపల్లె చేరితిమి. ఉదయము నిలిచిన చోటనే నిలిచితిమి గాని, ముల్లు సున్నను జేరక వెండ్రుకవాసి యెడముగా నుండెను.

"నేలమీదికి వస్తిమి కదా అయ్యవారూ, ఇది ఇంకా రాలేదే?"

మన యుష్ణదేశములలో వాయుపీడనము దినమునకు రెండుమార్లు పొంగి రెండుమార్లు తగ్గుననియు, ఉదయము పదిగంటలకు హెచ్చై సాయంకాలము నాలుగింటికి తగ్గుననియు, ఆ భేదము ఎనుబది తొంబది అడుగుల యెత్తునకు సరిపోవుననియు చెప్పితిమి. ఆమె విని, చేతిని కూతువైపు చాచెను. కూతురు తన బొటనవ్రేలితో మరను ద్రిప్పి, ముల్లును సున్నపైకి దెచ్చెను.