తార్నాకలో ఓ మజిలీ

తార్నాక చౌరస్తా ఉదయం ఐదున్నరకే నిద్రలేస్తుంది. మెట్రో స్టేషన్ కింద పేపర్లు సర్దుకునే కుర్రాళ్లు, పాలప్యాకెట్ల ట్రేలు, చాయ్ బండి చుట్టూ ఆటోడ్రైవర్లు. వాళ్లను దాటుకుని వాకింగ్ బూట్లు వేసుకున్న పెద్దవాళ్లు ఒకరి వెనక ఒకరు ఉస్మానియా క్యాంపస్ వైపు వెళ్తుంటారు. కాసేపు వాళ్ల వెనకే నడిచి చూడండి. ప్రతి మలుపులోనూ ఒక కుక్క లేచి, ఒళ్లు విరుచుకుని, తెలిసిన మనిషి కోసం తోక ఊపుతూ కనిపిస్తుంది.

తార్నాక అనే పేరు ఎలా వచ్చిందని అడిగితే పాతకాపులు ఒకటే చెబుతారు. తార్ అంటే తీగ, నాకా అంటే చౌకీ. నిజాం కాలంలో ఇక్కడ తీగకంచె, దాని దగ్గర ఒక నాకా ఉండేవట. వచ్చేపోయే బండ్లు అక్కడ ఆగి, ముందుకు కదిలేవట. కంచె ఎప్పుడో పోయింది. నాకా పని మాత్రం మా రెండో అంతస్తు వాటాలో ఇంకా సాగుతోంది. మా ఇంట్లో ఆగేవి బండ్లు కావు, కుక్కపిల్లలు. కొన్నాళ్లు ఉంటాయి, ఒళ్లు చేస్తాయి, ఎవరో ఒకరి ఇంటికి వెళ్లిపోతాయి. ఇలా సొంతానికి కాకుండా, శాశ్వతంగా ఒక ఇల్లు దొరికేదాకా సాకడాన్ని ఫాస్టరింగ్ అంటున్నారు. మన మాటల్లో చెప్పాలంటే ఒక మజిలీ.

చౌరస్తాలో దొరికిన దొరబాబు

మా మొదటి అతిథి వీధికుక్క కాదు. గరుకు వెంట్రుకలు, పొట్టి కాళ్లు ఉన్న టెర్రియర్ సంకరం. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ దాన్ని కూడా ఖాళీ చేసేశారు. మెడలో బెల్టుతోనే చౌరస్తాలో తిరుగుతూ, ఆగిన ప్రతి కారు తలుపు దగ్గరికీ వెళ్లి మూతి ఎత్తి చూసేది.

లాటిన్‌లో టెర్రా అంటే భూమి. బొరియల్లో దూరి ఎలుకల్నీ నక్కల్నీ పట్టడానికి తయారుచేసిన కుక్కలు కాబట్టి వాటికి టెర్రియర్లని పేరు. మా దొరబాబు ఆ పేరు నిలబెట్టాడు. రెండు రోజుల్లో బాల్కనీలోని తులసికోట తప్ప అన్ని కుండీలూ తవ్వేశాడు. అయినా వాడికి ఇల్లు దొరకడానికి పదకొండు రోజులే పట్టింది. 'బ్రీడ్ కుక్క ఉందటగా' అంటూ ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

వాడు వెళ్లిన రాత్రి నాకు అన్నం సయించలేదు. అయినా ఈ పని తేలికేనేమో అనుకున్నాను. తేలిక కాదని మరుసటి వానాకాలానికి తెలిసింది.

హాస్టల్ గోడ వెనక నుంచి

2025 జూలై. ముసురు పట్టిన ఒక సాయంత్రం క్యాంపస్‌లో పీజీ చదివే అమ్మాయి అట్టపెట్టెతో మా గుమ్మంలో నిలబడింది. పెట్టెలో మూడు పిల్లలు. తల్లి రోడ్డు మీద బండి కింద పడిపోయిందట. కళ్లు తెరిచి పది రోజులై ఉంటుంది. ఒకటి గోధుమరంగు మగది, ఒకటి మచ్చలది, ఒకటి మసిబొగ్గులాంటి నల్లటి ఆడపిల్ల.

'ఒక్క వారం ఉంచుకోండి ఆంటీ, తర్వాత నేను చూస్తా' అంది. ఈ 'ఒక్క వారం' అనే మాటను నమ్మినవాళ్లెవరూ బాగుపడలేదు!

క్యాంపస్‌లో ఇన్ని కుక్కలెందుకు అని చాలామంది అడుగుతారు. వెయ్యి ఎకరాలు దాటిన ప్రాంగణం. రాళ్ల గుట్టలు, పొదలు, నెమళ్లు తిరిగే చెట్లు. వాటి మధ్య హాస్టళ్లు, మెస్సులు, క్యాంటీన్లు. మిగిలిన అన్నం ఉన్నచోట కుక్క ఉంటుంది. ఒక ఆడకుక్క రెండు నెలలు మోసి నాలుగైదు పిల్లల్ని, కొన్నిసార్లు ఇంకా ఎక్కువే కంటుంది. ఏడాదికి రెండు ఈతలు. ఆ పిల్లల్లో చాలావరకు వానకో, రోగానికో, టైరు కిందో పోతాయి. బతికినవి మళ్లీ ఈనుతాయి. ఆపరేషన్ ఒక్కటే ఈ లెక్కను ఆపగలదు. చెవి అంచు కత్తిరించి ఉన్న కుక్క కనబడితే దానికి ఆపరేషన్ అయిపోయిందని గుర్తు.

ఈ నగరంలో మూగజీవాల కోసం సంస్థలు లేకపోలేదు. అక్కినేని అమల 1992లో మొదలుపెట్టిన బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్ పేరు తెలియనివాళ్లు తక్కువ. కానీ ఏ షెల్టరైనా పదుల కొద్దీ జంతువులు చేరే చోటు. టీకా పడని పసికూనకు అక్కడ ప్రమాదం ఎక్కువ. అందుకే తల్లిలేని పిల్లలకు ఎవరిదో ఒక బాల్కనీ, ఒక బాత్రూమ్ కావాలి.

పాత చీరలు, పాత పేపర్లు

ఈ పనికి పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. పాత నూలుచీరలు నాలుగు, చదివేసిన పేపర్లు కట్టలు కట్టలుగా (ఆదివారం అనుబంధం కూడా, మన్నించాలి), వేడినీళ్లు పోసి గుడ్డచుట్టిన సీసా ఒకటి. ఆ సీసాను తల్లి పొట్ట అనుకుని పిల్లలు హత్తుకు పడుకుంటాయి. ఆవుపాలు వాటికి సరిగా అరగవు. కుక్కపిల్లలకని వేరే పాలపొడి దొరుకుతుంది. నాలుగో వారం నుంచి మెత్తగా పిసికిన అన్నం, ఉడికించిన కోడి కాలేయం, గుడ్డు. రెండు వారాలకోసారి నులిపురుగుల మందు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, తర్వాత బూస్టర్లు. మూడు నెలలకు రేబిస్ టీకా.

అయిదో రోజున మచ్చల పిల్ల పాలు ముట్టలేదు. సాయంత్రానికి వాంతులు, నెత్తురు విరేచనాలు. పార్వో. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. చెప్పుల అడుగున కూడా ఇంట్లోకి వస్తుంది. డాక్టరుగారు రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. మూడో రోజు తెల్లవారుజామున అది పోయింది. నేనూ ఆ అమ్మాయీ వేపచెట్టు కింద గుంట తీసి పూడ్చి, ఇంటికొచ్చి బ్లీచింగ్ పెట్టి నేలంతా కడిగాం. ఇద్దరం ఏడవలేదు. తీరిక లేదు, మిగతా రెండింటికీ ఆకలివేళ అయింది.

ఆ రెండూ బతికాయి. కుక్కర్ విజిల్‌కు బెదరకుండా నేర్చుకున్నాయి. మిక్సీ చప్పుడుకు, దీపావళికి ముందే మా వీధిపిల్లలు కాల్చే టపాకాయకు, ఆటో హారన్‌కు అలవాటుపడ్డాయి. రేపు వెళ్లబోయే ఇల్లు ఎలాంటిదైనా భయపడకుండా ఉండాలంటే ఈ వయసులోనే ఆ చప్పుళ్లు చెవిన పడాలి. కడుపు నింపడంతో సరిపోదు. ఇంకొకరి ఇంటికి తయారుచేయడం అసలు పని.

ఆటలో ఒకసారి నల్లపిల్ల పాలపన్ను నా వేలికి గీసుకుంది. చిన్న గీతే. పదిహేను నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకున్నాను. పాతవాళ్లు ఇప్పటికీ దాన్ని కోరంటి అనే అంటారు. అక్కడి క్యూలో నా ముందు ఎనిమిదేళ్ల పిల్లాడు కాలికి కట్టుతో నిలబడ్డాడు. నా సంచీ మీద అంటుకున్న కుక్క వెంట్రుకల వంక వాళ్లమ్మ చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఆ చూపులో తప్పులేదు. క్యాంపస్‌కు కూతవేటు దూరంలోనే బాగ్ అంబర్‌పేట. 2023 ఫిబ్రవరి 19న అక్కడ నాలుగేళ్ల బాబును వీధికుక్కలు చుట్టుముట్టి చంపేశాయి. ఆ వీడియో చూసిన ఏ తల్లికైనా కుక్కను చూస్తే గుండె గుభేలుమంటుంది. కుక్కల్ని ప్రేమించేవాళ్లు ఆ బాబును మరిచిపోయి మాట్లాడితే వాళ్ల మాట ఎవరూ వినరు, వినకూడదు కూడా.

నల్లగా ఉందండీ...

ఆగస్టు 17న బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో జీహెచ్‌ఎంసీ వీధికుక్క పిల్లల దత్తత మేళా పెట్టింది. మా పిల్లలకు టీకాలు పూర్తికాలేదు కాబట్టి తీసుకెళ్లలేదు. కానీ ఆ వార్త చదివి మా కింది వాటావాళ్ల చుట్టాలు ఫోన్ చేశారు. నెలాఖరుకు గోధుమరంగు పిల్లాడు వాళ్లతో హబ్సిగూడ వెళ్లిపోయాడు.

నల్లపిల్లను అడిగినవాళ్లు లేరు. 'ఆడదా? వద్దులెండి, పిల్లల్ని పెడుతుంది.' ఆపరేషన్ చేయిస్తామంటే, 'నల్లగా ఉందండీ, ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు.' దొరబాబుకు పదకొండు రోజులు పట్టింది. దీనికి సెప్టెంబరు కూడా గడిచిపోయింది. నల్లగా ఉండటం, ఆడపిల్ల కావడం, జాతి పేరు లేకపోవడం... ఈ మూడు అభ్యంతరాలూ ఎక్కడో విన్నట్టే ఉన్నాయి కదూ!

పొద్దున్నే దాన్ని ఆర్ట్స్ కాలేజీ దాకా నడిపించేదాన్ని. 1939లో ప్రారంభమైన ఆ గులాబీరంగు రాతిభవనం ముందు ఎంత పెద్ద మనిషైనా చిన్నగా కనబడతాడు. అది మాత్రం ఆ మెట్ల మీద రాణిలా కూర్చునేది. వెనక్కి వచ్చేటప్పుడు మా వీధి మలుపు తిరగగానే తాడు లాగేది, ఇల్లు వచ్చిందని. ఆ లాగుడే నన్ను భయపెట్టింది. అది మా ఇంటిని తన ఇల్లనుకుంటోంది. నేనూ అనుకుంటున్నాను.

ఉంచేసుకుంటే? ఎవరూ కాదనరు. కానీ మా వాటా చిన్నది, ఒక్కదానికే చోటు. ఇది ఉండిపోతే తర్వాత వచ్చే అట్టపెట్టెకు మా తలుపు మూసుకున్నట్టే. ఫాస్టరింగ్ చేసేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ రాత్రి వస్తుంది. ప్రేమ లేక పంపడం కాదు, ఇంకోదానికి చోటివ్వడానికి పంపడం. ఈ మాట చెప్పినంత తేలిగ్గా మనసు వినదు.

ముషీరాబాద్‌లో అప్పగింతలు

దసరా వెళ్లిన ఆదివారం ముషీరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన పెద్దాయన. పిల్లలు వేరే ఊళ్లలో ఉన్నారు. 'రంగుతోటి నాకేం పని బిడ్డా, ముప్పై ఏండ్లు రాత్రిపూట బండి నడిపిన. నలుపు నాకు అలవాటే' అన్నారు.

ఆటోలో బయల్దేరాం. క్యాంపస్ లోంచి అడిక్‌మెట్ బ్రిడ్జి ఎక్కి రైలుపట్టాలు దాటితే అవతల రాంనగర్. ఆదివారం కాబట్టి చేపల మార్కెట్ దగ్గర ఆటో కదల్లేదు. నల్లపిల్ల నా ఒళ్లోంచి మెడ చాచి, జీవితంలో ఇంత కమ్మటి వాసన ఎరగనట్టు ముక్కు ఎగబీల్చింది. పెద్ద దూరమేమీ కాని దారి. ఆ రోజు మాత్రం చాలా దూరం అనిపించింది.

ఇరుకు గల్లీ, పాత ఇల్లు, చిన్న వాకిలి, జామచెట్టు. గేటు కింద సందు ఉందా, మేడ మీద పిట్టగోడ ఎత్తెంత, పగలంతా కట్టేస్తారా అని అన్నీ అడిగాను. పెళ్లిచూపుల్లో ఆడపిల్ల తరఫువాళ్లు కూడా అన్ని ప్రశ్నలు వేయరు. ఆయన ఓపిగ్గా జవాబులు చెప్పారు. టీకాల కార్డు తీసుకున్నారు. ఆరో నెలలో ఆపరేషన్, కార్పొరేషన్ లైసెన్సు, సాకలేకపోతే వీధిలో వదలకుండా నాకే తిరిగి ఇవ్వడం... ఈ షరతులున్న కాగితం మీద సంతకం పెట్టారు.

నేను లేవబోతుంటే వాళ్లావిడ ఆపింది. లోపలికి వెళ్లి పసుపు, కుంకుమ, ఒక రవికగుడ్డ తెచ్చింది. 'ఆడపిల్లను ఇచ్చి పోతున్నవ్. ఊకనే ఎట్ల పంపాలె?' అని బొట్టు పెట్టింది. అప్పటిదాకా బిగబట్టిన కళ్లు ఆగలేదు. నల్లపిల్ల నా వంక ఒకసారి చూసింది. ఆవిడ చేతిలో రొట్టెముక్క వంక ఇంకోసారి చూసింది. రొట్టెముక్క వైపే వెళ్లింది. అంతకన్నా నాకు కావాల్సిందేముంది?

నెలన్నర దాకా చూడటానికి వెళ్లలేదు. వెళ్తే అది మళ్లీ మా వీధిని వెతుక్కుంటుంది. ఆయన ఫొటో పంపారు. జామచెట్టు కింద బోర్లా పడుకుని ఉంది.

క్యాంపస్ మారుతోంది

2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లలాంటి చోట్ల నుంచి వీధికుక్కల్ని తీసి, ఆపరేషన్, టీకాలు చేయించి షెల్టర్లకు పంపాలనీ, తిరిగి అక్కడే వదలకూడదనీ ఆదేశించింది. ఆపరేషన్ చేసి పట్టిన చోటే వదలాలన్న 2023 నిబంధనల పద్ధతికి ఇది వేరు. కరిచిన పిల్లాడి తల్లి వైపు నుంచి చూస్తే న్యాయమే. షెల్టర్లలో అంత చోటెక్కడుందని అడిగేవాళ్ల మాటా నిజమే. ఆ వాదన నేను తేల్చగలిగేది కాదు. నాకు తెలిసింది ఒక్కటే. హాస్టల్ గోడ వెనక పుట్టిన ఒక పిల్ల ఒక ఇంటికి చేరితే, వీధిలో ఒక కుక్క తగ్గుతుంది, ఒక ఈత తగ్గుతుంది. భయపడేవాళ్లకూ ప్రేమించేవాళ్లకూ ఇద్దరికీ మేలు చేసే పని ఇదొక్కటే కనిపించింది.

మొన్న పొద్దున వాకింగ్ నుంచి వచ్చేసరికి మెట్ల మీద ఆ పీజీ అమ్మాయి కూర్చుని ఉంది. పక్కన అట్టపెట్టె. లోపల సన్నగా కుయ్‌మని చప్పుడు.

'ఒక్క వారం ఆంటీ...' అంది.

పాత పేపర్లు ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటూ తలుపు తీశాను. నాకా అన్నాక బండి ఆగుతుంది మరి.