మరొకరి మాట రాసే ఉద్యోగం



చదువు ముగించిన బిడ్డ ఇంటికి వచ్చి, "పీఆర్ ఏజెన్సీలో ఇంటర్న్‌గా చేరుతున్నాను" అంటే చాలామంది తల్లిదండ్రులకు అదేమి పనో బోధపడదు. బ్యాంకు ఉద్యోగం తెలుసు, బడి ఉద్యోగం తెలుసు. ఈ పీఆర్ ఏమిటి? సినిమావాళ్ల వెంట ఉండే పీఆర్‌ఓ పనా? కంపెనీల తరఫున అబద్ధాలు చెప్పే పనా? మా సంఘంలోని ఒక తల్లి నన్ను సూటిగానే అడిగారు: "అయ్యగారూ, మా అమ్మాయి అక్కడ చేరితే పాడైపోదు కదా?"

ఆమెకు జవాబు చెప్పే అర్హత నాకు కొంత ఉంది. వేదాంత విద్యకు వెళ్లకముందు, 2003లో, హైదరాబాదులోని ఒక చిన్న పీఆర్ ఏజెన్సీలో నేను ఆరు నెలలు ఇంటర్న్‌గా పనిచేశాను. ఆమెకు చెప్పిన సంగతులనే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

పీఆర్ అంటే పబ్లిక్ రిలేషన్స్. మన ప్రభుత్వ శాఖ పేరులో ఉన్న పౌర సంబంధాలు అన్న మాటకు అర్థం ఇదే. ప్రకటనకూ దీనికీ తేడా ఉంది. ప్రకటన ఇచ్చేవారు పత్రికలో చోటు డబ్బు పెట్టి కొంటారు. పీఆర్ పనిలో చోటు కొనరు. వార్తగా వేయదగిన సంగతిని విలేఖరికి అందిస్తారు. వేయడమూ మానడమూ పత్రిక ఇష్టం. కాబట్టి ఈ పనికి అసలైన పెట్టుబడి నమ్మకమే. అది పోయిననాడు ఎంత మంచి ప్రెస్‌నోట్ అయినా చెత్తబుట్టకే పోతుంది.

నా పని తెల్లవారే మొదలయ్యేది. ఆరున్నరకల్లా ఆఫీసు తలుపు తీసి, ఈనాడు, వార్త, ఆంధ్రజ్యోతి, ఆంధ్రభూమి, ది హిందూ, దక్కన్ క్రానికల్ వరుసగా బల్లమీద పరిచేవాడిని. మా ఖాతాదారు కంపెనీల పేర్లు ఎక్కడ కనబడినా ఎర్ర పెన్సిలుతో గీత గీయాలి. కత్తెరతో కత్తిరించి తెల్లకాగితంమీద అంటించి, పైన పత్రిక పేరు, తేదీ, పేజీ వేయాలి. స్కేలుతో కొలిచి ఎన్ని కాలమ్ సెంటీమీటర్లో రాయాలి. ఆ కొలతను ప్రకటన రేటుతో హెచ్చవేసి, "మీకు ఇంత విలువగల ప్రచారం వచ్చింది" అని నెలాఖరున కంపెనీలకు లెక్క పంపేవారు. నిందిస్తూ రాసిన వార్తకూ పొగుడుతూ రాసిన వార్తకూ స్కేలు ఒక్కటే కదా అని నాకు అప్పుడే అనిపించేది. 2010లో బార్సిలోనాలో సమావేశమైన ఈ వృత్తి నిపుణులు, ప్రకటన రేటుతో కట్టే లెక్క పీఆర్ పనికి విలువ కాదని సూత్రంగానే ప్రకటించారు.

పదింటికి రెండో పని. ఇంగ్లీషులో వచ్చిన ప్రెస్‌నోట్‌ను తెలుగు చేయాలి. మా పై అధికారిణి ఒకప్పుడు పత్రికలో పనిచేసినవారు. మేడమ్ అని పిలిచేవాళ్లం. "మొదటి పేరా చదివి డెస్క్‌లో ఉన్నాయన మిగతాది పారేసినా సంగతి పోకూడదు" అనేవారు. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అన్నవి ముందు రావాలి. ఛైర్మన్‌గారి పొగడ్తలు చివర. సాయంత్రం ఆ నోట్లు పట్టుకొని పత్రికాఫీసుల మెట్లెక్కడం, బషీర్‌బాగ్ ప్రెస్‌క్లబ్‌లో కుర్చీలు సర్దడం, "నోట్ అందిందాండీ?" అని ఫోన్లు చేయడం. స్టైపెండ్ నెలకు 2,000 రూపాయలు. అందులో బస్సు పాసు, మధ్యాహ్నం భోజనం పోగా మిగిలేది తక్కువే. అయినా రాయడం, క్లుప్తంగా చెప్పడం, ఎదుటివాడి కోపాన్ని ఓపికగా వినడం అక్కడే నేర్చుకున్నాను.

ఇక ఆ తల్లి అడిగిన ప్రశ్న. అక్కడ అబద్ధాలు చెప్పమంటారా? నేను చూసిన ఒక్క సంగతి చెబుతాను.

మా ఖాతాదారు కంపెనీ ఒకదాని ఫ్యాక్టరీలో ఒక రాత్రి బాయిలర్ పేలింది. ఉదయం ఫ్యాక్స్‌లో నాలుగు వాక్యాలు వచ్చాయి. మా ఉద్యోగులెవరికీ గాయాలు కాలేదు, ఉత్పత్తికి ఆటంకం లేదు అన్నది సారాంశం. దాన్ని తెలుగు చేసి మధ్యాహ్నంలోగా పంపాలి. కానీ అంతకు మూడు గంటల ముందు, ఒక పత్రిక జిల్లా పేజీలోనుంచి నేనే కత్తిరించిన ముక్క నా బల్లమీద ఉంది. ఇద్దరు కూలీలకు ఒళ్లు కాలి ప్రభుత్వ ఆసుపత్రిలో ఉన్నారని అందులో ఉంది.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి మేడమ్‌కు చూపించాను. "మేడమ్, ఈ రెండిట్లో ఏది నిజమో తెలియకుండా నేను దీన్ని తెలుగు చేయలేనండి" అన్నాను. ఆమె కంపెనీకి ఫోన్ చేశారు. అవతలినుంచి వచ్చిన జవాబు నాకు నేటికీ గుర్తుంది: వాళ్లు కాంట్రాక్టరు మనుషులు, మా ఉద్యోగులు కారు, కాబట్టి మేము రాసినది అబద్ధం కాదు.

నిజమే, అబద్ధం కాదు. ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. కానీ ఆ వాక్యంలో ఇద్దరు మనుషులు కనబడకుండా పోయారు. ప్రియులారా, ఈ ఉద్యోగంలో ప్రమాదం ఇక్కడే ఉంది. పచ్చి అబద్ధం రాయమని ఇంటర్న్‌ను అడిగేవారు తక్కువ. మాటలను జాగ్రత్తగా పేర్చి, నిజాన్ని వాటి వెనక దాచమని అడుగుతారు. అది చూడడానికి నేర్పులాగే ఉంటుంది. అందుకే పిల్లలు తేలికగా మెచ్చుకుంటారు.

మేడమ్ గట్టిగా వాదించలేదు. "ఆసుపత్రి దగ్గర విలేఖరులున్నారు. మన నోట్ చదివి నవ్వుతారు. ఇద్దరి సంగతీ రాయండి, వైద్యం ఖర్చు ఎవరు పెడుతున్నారో రాయండి. లేకపోతే మా లెటర్‌హెడ్‌మీద వెళ్లదు" అన్నారు. గంట తర్వాత రెండో ఫ్యాక్స్ వచ్చింది. గాయపడినవారి సంగతి అందులో ఉంది, ఖర్చు కంపెనీ భరిస్తుందన్న మాట కూడా ఉంది. అచ్చులోకి వెళ్లిన మాట కాబట్టి దానికి వాళ్లు కట్టుబడవలసి వచ్చింది.

మరి దీనికి బహుమానం దొరికిందా? లేదు. మూడు నెలలకు ఆ కంపెనీ మా ఒప్పందాన్ని పొడిగించలేదు. తొమ్మిదిమంది పనిచేసే ఆఫీసులో జీతాలు ఆ నెల పదిహేను రోజులు ఆలస్యమయ్యాయి. నా స్టైపెండ్ కూడా. మేడమ్ మాత్రం ఆ సంగతి ఒక్కసారైనా ఎత్తలేదు.

ఈ వృత్తికి మూలపురుషులలో ఒకరైన ఐవీ లీ చరిత్ర చదివినప్పుడు ఆ రోజు నాకు మరింత బాగా అర్థమైంది. ఆయన అమెరికాలోని జార్జియాలో 1877లో పుట్టిన మెథడిస్టు పాదిరిగారి కుమారుడు, పత్రికా విలేఖరి. మేము చేసేదంతా బహిరంగం, ఇచ్చే సంగతులు ఎవరైనా సరిచూసుకోవచ్చు అన్న అర్థంతో 1906లో ఆయన ఒక సూత్రాల ప్రకటన సంపాదకులకు పంపాడు. అదే సంవత్సరం అక్టోబరు 28న అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెనమీదనుంచి నీటిలో పడి యాభైమందికి పైగా చనిపోయారు. ప్రమాదాలను దాచడమే ఆనాటి రైల్వేలకు అలవాటు. లీ మాత్రం కంపెనీ తరఫున వివరాలు రాసి పత్రికలకు ఇచ్చాడు, విలేఖరులు ఆ చోటు చూసేందుకు ఏర్పాటు చేశాడు. ప్రెస్‌నోట్ చరిత్ర అక్కడ మొదలైందని చాలామంది చెబుతారు.

అదే మనిషి 1914లో కొలరాడో బొగ్గుగనుల సమ్మె సమయంలో రాక్‌ఫెల్లర్ తరఫున కరపత్రాలు రాశాడు. లడ్లో అనే చోట కార్మికుల గుడారాలమీద దాడి జరిగి స్త్రీలు, పసిపిల్లలు కూడా చనిపోయిన సమయమది. కంపెనీవారు ఇచ్చిన అంకెలు ఆ కరపత్రాల్లోకి ఎక్కాయి, వాటిలో కొన్ని తప్పులని తేలింది. ఐవీ అంటే ఒక తీగ పేరు. రచయిత అప్టన్ సింక్లెయిర్ ఆయనకు "విషపు తీగ" అని పేరు పెట్టాడు. నూరేళ్లు దాటినా ఆ పేరు పోలేదు. పని ఒకటే, మనిషి ఒకడే. సరిచూసిన మాట ఆయనకు పేరు తెచ్చింది, సరిచూడని మాట ఆ పేరును చెరిపింది.

ఇప్పుడు కత్తెర, ఫ్యాక్స్ పోయాయి. పత్రికల గాలింపు కంప్యూటరే చేస్తోంది, ప్రెస్‌నోట్ వాట్సాప్‌లో వెళుతోంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రచారం చేసేవారు డబ్బు తీసుకొని చెప్పే మాటను ప్రకటన అని స్పష్టంగా చూపాలని 2021లో మన దేశపు ప్రకటనల ప్రమాణాల మండలి నియమం పెట్టింది. సాధనాలు మారినా, ఇంటర్న్ అడగవలసిన ప్రశ్నలు మారలేదు. ఇది నిజమేనా? ఎవరు సరిచూశారు? ఇందులో కనబడకుండా పోయినవారు ఎవరైనా ఉన్నారా?

కాబట్టి తల్లిదండ్రులారా, బిడ్డను ఆపకండి. కానీ చేరేముందు కొన్ని విషయాలు అడిగించండి. స్టైపెండ్ ఎంతో కాగితంమీద ఇస్తారా? పని నేర్పేవారు ఎవరు? రాత్రి పొద్దుపోయాక ప్రెస్‌మీట్ ముగిస్తే ఇంటికి ఎలా చేరుస్తారు? ఖాతాదారులు ఎవరు? 1929లో న్యూయార్కు ఈస్టరు ఊరేగింపులో స్త్రీలచేత సిగరెట్లు కాల్పించి, దాన్ని స్వేచ్ఛ అని ప్రచారం చేయించినది ఎడ్వర్డ్ బెర్నేస్ అనే పీఆర్ నిపుణుడు. వెనక డబ్బు పెట్టింది సిగరెట్ల కంపెనీ. ఎవరి డబ్బుతో ఎవరి మాట రాస్తున్నామో బిడ్డకు తెలిసి ఉండాలి.

యౌవనస్థులారా, మీకొక మాట. మరొకరి తరఫున మాట్లాడడం తప్పు కాదు. వకీలు మాట్లాడతాడు, పెళ్లి పెద్ద మాట్లాడతాడు, నోరులేనివారి కోసం ఎవరో ఒకరు మాట్లాడవలసిందే. కాగితం కింద కంపెనీ పేరు ఉన్నా, దాన్ని రాసిన చెయ్యి మీదే. సాయంత్రం ఇంటికి వెళ్లి, ఆ రోజు రాసినదాన్ని మీ అమ్మకు చదివి వినిపించగలిగితే, ఆ ఉద్యోగంలో నిశ్చింతగా కొనసాగండి.