జర్నైల్ సింగ్ నిలబడిన చోటు

మా కార్యాలయంలో మూడు నెలలకొకసారి ఉద్యోగులకు ఉత్సాహం నూరిపోసే సభ ఒకటి జరుగుతుంది. ఆటల కథ లేనిదే ఆ సభ ముగియదు. కిందటిసారి మా పైఅధికారి 1962 నాటి జకార్తా ఆసియా క్రీడల ఫుట్‌బాల్ కథ ఎత్తుకున్నారు. జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడినా మైదానంలో దిగి దేశానికి స్వర్ణం తెచ్చాడనీ, మనమేమో పడిశం పట్టిందని సెలవు చీటీ పంపుతామనీ ముగించారు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చాక మాత్రం మనసులో ఏదో కలుక్కుమంది.

ఆ కథ నాకు కొంత తెలుసు. ఆయన చెప్పకుండా వదిలేసిన మనిషి మన హైదరాబాదువాడు.

సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. అందరూ రహీం సాబ్ అనేవారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచినప్పుడూ ఆయనే శిక్షకుడు.

జకార్తాలో మన జట్టు తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 తేడాతో ఓడింది. థాయిలాండుతో ఆడిన ఆటలో గెలిచింది గానీ, జర్నైల్ తలకు దెబ్బ తగిలింది. అతను వెనుకవరుసకు గోడలాంటివాడు. సెమీఫైనలు వచ్చేసరికి రహీం అతన్ని పాతచోట నిలబెట్టలేదు. వెనుక కాపలాను మిగతావారికి అప్పగించి, అతన్ని గోలు కొట్టే ముందువరుసకు పంపారు. సెమీఫైనల్లో ఒకటి, ఫైనల్లో ఒకటి గోళ్ళు కొట్టాడు జర్నైల్. ఫైనల్లో మరో గోలు పి.కె. బెనర్జీది. మొదట ఓడించిన కొరియామీదే 2-1 తేడాతో గెలిచాం.

కుట్లతో ఆడించడం మంచిపనేనని నేననను. నేటి వైద్యులు ఒప్పుకునేవారు కారేమో. నన్ను ఆలోచింపజేసింది ఆ శిక్షకుడి లెక్క. నిన్నటిదాకా చేసిన పని ఈ మనిషి ఇవాళ చేయలేకపోతే, ఇవాళ ఏం చేయగలడు? ఆ లెక్క వేసిన మనిషి అప్పటికే జబ్బుమనిషి. మరుసటి ఏడు జూన్‌లో క్యాన్సరుతో కన్నుమూశారు.

ఆ లెక్క నేను ఒకసారి వేయలేదు.

కొన్నేళ్ళ కిందట నా బృందంలో ఒకావిడ ఉండేవారు. అర్ధరాత్రి సర్వరు ఆగిపోతే అందరికీ ముందు గుర్తొచ్చేది ఆవిడే. శస్త్రచికిత్స తర్వాత తిరిగి వచ్చినప్పుడు, కొన్నాళ్ళు రాత్రిళ్ళు మేలుకోవద్దన్నారని చెప్పారు. నేను న్యాయంగా ఉండాలనుకున్నాను. అందరికీ ఒకటే నియమమంటూ రాత్రి వంతుల పట్టికలో ఆవిడ పేరు అలాగే ఉంచాను. "నాకొకటి తోచిందండీ" అని ఒకసారి నా బల్ల దగ్గరికి వచ్చారు. "ఈ వారం గడవనివ్వండి, మాట్లాడదాం" అన్నాను. ఆ వారం గడిచింది. నేను మాట్లాడలేదు. రెండు నెలలు ఎలాగో నెట్టుకొచ్చి, రాజీనామా ఇచ్చారు.

చివరిరోజు నా బల్లమీద ఒక నోటుపుస్తకం పెట్టి వెళ్ళారు. నాలుగేళ్ళలో వచ్చిన ప్రతి చిక్కూ, దాని మూలం, విరుగుడు వరుసగా రాసి ఉన్నాయి. ఆవిడ రాత్రిళ్ళు మేలుకోనక్కర్లేదు, మేలుకునే కుర్రవాళ్ళకు పగటిపూట నేర్పితే చాలునని అది చదివాక అర్థమైంది. బహుశా ఆవిడ ఆరోజు చెప్పబోయింది అదే.

ఆ పుస్తకం ఇప్పటికీ నా సొరుగులోనే ఉంది. కొత్తగా చేరినవారికి మొదట అదే ఇస్తాను, ఎవరు రాశారో చెప్పి మరీ ఇస్తాను. ఇప్పుడు వంతుల పట్టిక వేసేముందు ఒక్కొక్కరినీ అడుగుతున్నాను. పని కాస్త ఆలస్యమవుతోంది. పైనుంచి అక్షింతలు పడుతున్నాయి. పడనీ.

వచ్చే సభలో కథ చెప్పే వంతు నాది. మళ్ళీ జకార్తా కథే చెబుతాను, ఈసారి రహీం సాబ్ వైపునుంచి. దాని వెనుక నోటుపుస్తకం కథ కూడా. చప్పట్లు పడతాయన్న ఆశ లేదు.