పిడికెడు ఇసుక

మాది ముమ్మిడివరం. గోదావరి ఇసుకలో ఆడుకొని పెరిగినవాణ్ణి. అందుకే విశాఖలో ఒక ఫౌండ్రీకి ట్రైనింగుకి వెళ్ళినప్పుడు, "ఇసుకదేముందిలే!" అనుకొన్నాను. నెల తిరక్కుండానే ఆ మాట దిగమింగవలసి వచ్చింది.

అచ్చుకు వాడే గ్రీన్ శాండ్‌లో ముఖ్యమైనవి మూడే: ఇసుక, బెంటొనైట్ మట్టి, నూటికి మూడు నాలుగు పాళ్ళ నీరు. నీరెక్కువైతే కరిగిన ఇనుము తగిలి ఆవిరిపుట్టి కాస్టింగులో గాలి బొక్కలు పడతాయి. తక్కువైతే అచ్చు అంచులు రాలిపోతాయి. ఆ వానాకాలం రిజెక్షన్లు పెరిగాయి. తప్పు పెద్ద మోల్డరుదేనన్నారు, కూలి కోశారు. ఆ కాగితం రాసింది నేనే.

"తడి చూసుకోవద్దా బాబాయ్?" అన్నాను. ఆయన రెండు పిడికిళ్ళ ఇసుక నా ముందు పెట్టి, "నొక్కి విరిచి చూడండి బాబూ. ఇది పొద్దుటిది, ఇది ఇప్పటిది. కలిపేది నేను కాదండి" అన్నాడు. మొదటిది కొబ్బరుండలా నీటుగా విరిగింది. రెండోది వేళ్ళకు అంటుకుంది.

మర్నాటి నుంచి గంటగంటకూ శాంపిలు తీసి తూచి, ఆరబెట్టి, మళ్ళీ తూచాను. మూడు దెబ్బలతో 50 మిల్లీమీటర్ల దిమ్మ చేసి బలం చూశాను. మారుతున్నది ఆయన చెయ్యి కాదు, ఇసుకే! పోత నుంచి వేడిగా తిరిగొచ్చిన ఇసుక ఒకపక్క, కప్పులేక వానకు తడిసిన కుప్ప మరోపక్క.

లైబ్రరీలో జపాను ఇంజనీరు టాగుచి కనిపించాడు. 1950లలో అక్కడి టైల్స్ బట్టీలో వేడి అన్నిచోట్లా సమానంగా లేక పలకల కొలతలు తేడా వస్తుంటే, బట్టీని మార్చకుండా మట్టిలో సున్నం పాలు మార్చి సరిచేశారట. ఆయన వాడిన ఆర్తోగొనల్ పట్టికలకు పునాది వేసింది ఎవరో తెలుసా? మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చదివిన సి.ఆర్. రావు గారు, 1940లలోనే!

నీరు, బెంటొనైట్, మిల్లులో తిప్పే సమయం, పాత ఇసుక పాలు: నాలుగూ మూడేసి స్థాయిల్లో చూడాలంటే 81 ప్రయోగాలు. పట్టిక ప్రకారం తొమ్మిది చాలు. ఆ తొమ్మిదీ ఎండరోజూ చేశాం, వానరోజూ చేశాం. ఎక్కువ బలమున్నదాన్ని కాదు, రెండురోజులూ ఒకేలా ఉన్నదాన్ని ఎంచుకొన్నాం. పాత ఇసుకను చల్లార్చి, మిల్లులో మరికాసేపు తిప్పితే చాలావరకు కుదుటపడింది.

రిజెక్షన్లు తగ్గాయి. కోసిన కూలి మాత్రం తిరిగి రాలేదు. రిపోర్టులో ఆయన మాట చేర్చాను గాని, మొదటి కాగితం మీద నా సంతకం చెరగలేదు. ఇప్పుడు ఎవరి మీదనైనా తప్పు రాయబోతే, ముందు పిడికెడు ఇసుక పట్టి చూస్తున్నాను.