లిల్లీ పూల ముళ్ల చుట్టం

ఇస్నాపూర్ చౌరస్తాలో పాశమైలారం వైపు తిరిగితే లారీలు, దుమ్ము, షిఫ్టు దిగిన కార్మికులు. అలాంటి చోట డాబా మీద గడ్డ మొక్కలు పెంచి, వాటి క్రోమోజోములు లెక్కపెట్టే రిటైర్డ్ బాటనీ లెక్చరర్ ఉన్నారంటే వెళ్లాను. పేరు రాయొద్దన్నారు.

కుండీల్లో రెయిన్ లిల్లీ, అడవి ఉల్లి, మన రైతులు లిల్లీ అనే నేల సంపెంగ. పొద్దున్నే కోసిన లేత వేరు కొసలు కాల్చిసిన్‌లో నానుతున్నాయి. అది కణ విభజనను మధ్యలో ఆపేస్తుంది, క్రోమోజోములు చెరోవైపు పోకముందే దొరికిపోతాయి. అడవినాభి గడ్డలో, గింజల్లో ఉండే విషమే అది. అంటే ఇదీ గడ్డ మొక్కల ఇంటి వ్యవహారమే! తర్వాత ఆల్కహాల్, అసిటిక్ ఆమ్లం, రంగు. గాజు పలక మీద కవర్‌స్లిప్ వేసి బొటనవేలితో నొక్కడంలోనే ఉంది పనితనమంతా.

"పక్కకు జారితే మళ్లీ మొదటికే. ఇప్పుడు చూడండి" అన్నారు మేడమ్.

సూక్ష్మదర్శిని కింద నేల సంపెంగ కణంలో ఎర్రటి నలుసులు అరవై. పది పెద్దవి, మిగతా యాభై చుక్కలంత.

పొలం గట్ల మీద కంచెగా నాటే కిత్తనారలోనూ ఇదే తరహా అమరిక. పాతకాలపు వర్గీకరణ అండాశయం స్థానం చూసి కిత్తనారను ఒక కుటుంబంలో, యుక్కా అనే మొక్కను లిల్లీ కుటుంబంలో పెట్టింది. 1933లో మెక్‌కెల్వీ, శాక్స్ అనే పరిశోధకులు ఈ రెండింటి క్రోమోజోములూ ఒకే తీరున ఉన్నాయని చూపాక ఆ గోడ బలహీనపడింది. 2017లో నేల సంపెంగను ఏకంగా కిత్తనార ప్రజాతిలోనే కలిపి అగేవ్ అమికా అన్నారు. పెళ్లి దండకు ముళ్లకంచె దగ్గరి చుట్టమన్నమాట.

"లెక్క కలిస్తే చుట్టాలేనా?" అనడిగాను.

"అదెలా? జొన్నకూ ఇరవయ్యే, అడవి ఉల్లికీ ఇరవయ్యే. ఆకారాలూ కలవాలి."

జొన్న పేరు ఊరికే రాలేదు. 1972లో మొదలైన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ దగ్గర్లోని పటాన్‌చెరులోనే ఉంది, జొన్న దాని ముఖ్య పంటల్లో ఒకటి. నాకు మాత్రం అడవి ఉల్లి మీదే ధ్యాస. దాని లెక్క అన్నిచోట్లా ఇరవై కాదు, ముప్పై, నలభై ఉన్నవీ ఉన్నాయి. ముప్పై ఉన్న గడ్డల్లో క్రోమోజోములు జతకట్టడం కుదరక గింజలు సరిగా పట్టవు, పిల్లగడ్డలతోనే నెట్టుకొస్తాయి. డాబా మీదున్నది ఏ రకమో ఇంకా తేలలేదు. వేసవిలో ఆకు లేకుండానే పూసే మొక్క అది. కొత్త వేళ్లు రావాలంటే వాన పడాలి, జూలైలో రమ్మన్నారు.